నాడె మీద పంచాయితీ

ఆ రోజుల్లో మా ఊళ్లో నల్లా మూడు రోజులకొకసారి వచ్చేది గానీ, ఫోన్లో నెట్టు మాత్రం పొద్దస్తమానం వచ్చేది. రాష్ట్రం వచ్చి రెండు మూడేళ్లయింది. ఉన్నట్టుండి డేటా అగ్గువైపోయింది. అంతకుముందు ఒక్క పాట దించుకోవాలంటే వారం ఆలోచించిన మేం, చేతికి ఎంత చూసినా అయిపోని నెట్టు రాగానే, ఏం చూడాలో తెలియక లోకమంతా చూశాం. అలా చూస్తూ చూస్తూ సముద్రాల అవతల ఏదో దేశంలో, ఒకే నగరంలో ఉన్న రెండు ఫుట్‌బాల్ క్లబ్బుల దగ్గర ఆగిపోయాం. ఆ నగరం పటంలో ఎక్కడుందో మాలో ఒక్కడికీ తెలియదు. అయినా ఆ నగరం పరువు మా ఊరి మీదే ఆధారపడి ఉందని మాత్రం అందరం గట్టిగా నమ్మాం. (మా ఊళ్లో అప్పటికి ఫుట్‌బాల్‌ను కాలితో తన్నినవాళ్లు ముగ్గురే. వాళ్లలో ఒకడు బడి కిటికీ అద్దం పగలగొట్టి, తండ్రి చేతిలో తన్నులు తిని, ఆట నుంచి రిటైరయ్యాడు.)

మాది నకిరేకల్‌కు ఇవతలే హైవే దిగి కొంచెం లోపలికి తిరిగితే వచ్చే నేతగాళ్ల ఊరు. చిటికి చీరలు నేస్తాం. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను, చిటికి అంటే నేసిన బట్ట మీద బొమ్మ అద్దడం కాదు. నేయకముందే పడుగు దారాలను, అంటే చీర పొడవునా పోయే దారాలను, గుంజల మధ్య సాగదీసి, రంగు అంటకూడని చోటల్లా పాత సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు ముక్కలతో బిగించి ముడి వేస్తాం. రంగులో ముంచుతాం, విప్పుతాం, మళ్లీ కడతాం, మళ్లీ ముంచుతాం. బొమ్మంతా దారంలోకి దిగాకే మగ్గం ఎక్కిస్తాం. నేను డిగ్రీ పూర్తిచేసి, పూర్తిచేసినందుకు రుజువుగా నల్ల గౌను వేసుకున్న ఫోటో ఒకటి గోడకు తగిలించి, బాపు పక్కన కూర్చుని ముడులు కట్టేవాణ్ని. గళ్ల కాగితం మీద నమూనాలు గీయడంలో నాకు కొంచెం పేరుండేది. (పేరు కన్నా పొగరెక్కువని అమ్మ అనేది. అమ్మ మాటలు అప్పట్లో నేను పట్టించుకునేవాణ్ని కాదు.)

ఆ రెండింట్లో నేను ఎర్ర చొక్కాల జట్టు అభిమానిని ఎందుకయ్యానని ఎవరైనా అడిగితే చాలాకాలం పెద్ద పెద్ద కారణాలు చెప్పాను. అసలు కారణం ఇది: మొదటి ఆట చూసిన వారం మా ఇంట్లో ఎర్ర అద్దకం నడుస్తోంది, నేను మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాను. మా మేనమామ కొడుకు, నాకన్నా ఏడాది పెద్దవాడు, బావ, అదే వారం వాళ్లింట్లో నీలం ముంచుతున్నాడు. అతను నీలి జట్టు పట్టుకున్నాడు. మరుసటి వారమే మా ఇంట్లో పచ్చ రంగు, వాళ్లింట్లో పసుపు మొదలయ్యాయి గానీ, అప్పటికే మేమిద్దరం మాట ఇచ్చేసిన మనుషులం. మా వెంట ఊళ్లోని పడుచువాళ్లు సగం అటూ సగం ఇటూ చీలిపోయారు.

ఎర్ర జట్టులో గోల్స్ కొట్టే మొనగాడొకడు ఉండేవాడు. అతని అసలు పేరు పలకడానికి మా వాళ్లెవరికీ నోరు తిరగలేదు. మైదానంలో ఆ అంచు నుంచి ఈ అంచుకు దూసుకుపోతుంటే మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడెలా ఉన్నాడని, నాడె అని పేరు పెట్టుకున్నాం. శనివారం సాయంత్రం ఆటలుంటే బస్టాండు పక్కన చాయ్ హోటల్లో పోగయ్యేవాళ్లం. హోటల్ నడిపే ఆమెను అందరం చాయక్క అనేవాళ్లం. పదిహేను మందికి ఒకే ఫోను, దాన్ని చక్కెర డబ్బాకు ఆనించి పెట్టేవాళ్లం. నాడె గోల్ కొడితే నేను బల్ల మీద చరిచేవాణ్ని, డబ్బా పక్కకు జరిగేది, ఫోను బోర్లా పడేది, ఆ గోల్ మళ్లీ చూపించేటప్పుడు ఎవరికీ కనిపించేది కాదు. నాడె ఫోటో మా ఇంట్లో నా డిగ్రీ ఫోటో పక్కనే అతికించాను. పేరంటానికి వచ్చిన ఒక ముసలమ్మ చూసి "మీ కాలేజి సారా బిడ్డా?" అని అడిగింది. అవునన్నాను.

ఇప్పుడు నా గుట్టు ఒకటి చెప్పాలి. మాకు నూలిచ్చి, నేసిన చీరలు తీసుకుపోయే ఆసామిని సావుకారు అంటాం. బాపు ముప్పై ఏళ్లుగా కళ్లద్దాల సావుకారుకే నేస్తున్నాడు. ఊరికి అవతలి కొసన, హైవే దిక్కు, కొత్తగా లేచినవాడు జీపు సావుకారు. ఈ ఇద్దరికీ పడదు. ఆ చలికాలంలో ఒక మంగళవారం జీపు సావుకారు నన్ను దారిలో ఆపాడు. "ఏం పిలగా, డిగ్రీ చదివి గుంజల కాడ నడుం ఇరగ్గొట్టుకుంటవా? నా దగ్గర కంప్యూటరున్నది. ఏసీ గదున్నది. నువ్వు తిరిగే కుర్చీల కూసొని నమూనాలు గియ్యాలె, గంతే" అన్నాడు. కంప్యూటర్ గురించి నాకు పెద్దగా ఆశ లేదు. తిరిగే కుర్చీ అన్నాడు చూడండి, అక్కడ పడిపోయాను. వచ్చే సోమవారం నుంచి వస్తానని అక్కడికక్కడే మాటిచ్చేశాను.

చిక్కు ఎక్కడంటే, మా ఇంట్లో అప్పుడే పెద్ద పడుగు ఎత్తి ఉంది. ఎనిమిది చీరల పడుగు, వరసగా హంసలు. కళ్లద్దాల సావుకారు పట్నంలోని పెద్ద దుకాణానికి పెళ్లిళ్ల కాలానికి ఇస్తానని ఒప్పుకున్నవి. నమూనా నాది. ముడులు అప్పటికి పావు వంతు కూడా పడలేదు. ఆ ఏడాది నుంచే బాపుకు గళ్ల కాగితం మీది గీతలు మసకగా కనిపించడం మొదలైంది. నేను చదివి చెబుతుంటే ఆయన కట్టేవాడు. నేను లేస్తే ఆ పడుగు అక్కడితో ఆగిపోతుంది, ముప్పై ఏళ్ల నమ్మకం కూడా దాంతోనే పోతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే, ఆదివారం సాయంత్రం బాపుకు మెల్లగా చెబుదాంలే అనుకున్నాను. ఆదివారానికి ఇంకా ఐదు రోజులున్నాయి. ఇరవయ్యొకటో ఏట ఐదు రోజులంటే చాలా దూరం.

అదే మంగళవారం మా నాడె పార్టీ మారాడు. నీలి జట్టు వాళ్లు అతని చేతికి తమ చొక్కా ఇచ్చి ఫోటో పెట్టారు. గంట తిరక్కుండా ఎర్ర జట్టు వాళ్లు 'ఒప్పందం ఇంకా ఉంది, ఈ సీజన్ అయ్యేదాకా అతను మావాడే' అని ప్రకటించారు. విషయం ఫుట్‌బాల్ పెద్దల సంఘం దాకా పోయింది. మా ఊళ్లో మాత్రం చాయక్క హోటల్ దాటి పోలేదు. నేను వెళ్లేసరికే బావ నడిమి బల్ల మీద కూర్చుని ఊరందరికీ చాయ్ చెబుతున్నాడు.

"ఏం బామ్మర్దీ, మీ నాడె మా మగ్గంల వడ్డడట గదా!"

"పడలే. మీరు ఎత్కపోయిండ్రు."

"ఎత్కపోనీకి నూలుకట్టనా? మనిషి ఇష్టం. ఆటగానికి కాళ్లున్నంత సేపే ఆట. నాలుగేండ్లయితే ఎవడు అడుగుతడు? ముందల జూసుకోవద్దా?"

"ముందల జూసుకునుడంటే అన్నం పెట్టిన ఇంటిని నడిమిట్ల ఇడిసి పోవుడా? మనిషన్నంక మాటుండాలె బావా, మాట!" అని బల్ల చరిచాను. (ఆ క్షణంలో నా జేబులోని ఫోన్లో 'సోమారం తొమ్మిదింటికి రా' అని జీపు సావుకారు పంపిన మెసేజ్ ఉంది. దానికి నేను పెట్టిన దండం బొమ్మ కూడా ఉంది.)

"గాయినె మీకు మేనమామా, సిన్నాయనా?" అంది చాయక్క. "సల్లారిపోతాంది, తాగుండ్రి."

ఒట్టేసి చెబుతున్నాను, నాడె సంగతికీ నా సంగతికీ ఏమైనా సంబంధం ఉందని నాకు తట్టనే లేదు. తట్టి ఉంటే అంత గట్టిగా అరిచేవాణ్ని కాదు. మూడు రోజులు అరిచాను. నాడెను ద్రోహి అన్నాను, తిన్న కంచాన్ని మరిచినోడన్నాను, అతని ఫోటోను గోడ మీద నుంచి పీకేశాను. (నా డిగ్రీ ఫోటో మూల కూడా కొంచెం చిరిగింది.) బుధవారం నాడు మా గోల భరించలేక హోటల్ వెనక గోడ అవతల నుంచి పెద్దబాపు లేచి వచ్చాడు. ఆయన మా బాపుకు అన్న, డెబ్బై దాటినవాడు. ఆయన మగ్గం ఆ గోడకు ఆనుకునే ఉంటుంది. నేతగాళ్లకూ సావుకార్లకూ తగువులొస్తే ఊళ్లో ఆయన మాటే ఆఖరు. ఫుట్‌బాల్ అనేది ఒకటుందని ఆయనకు ఆ రోజే తెలిసింది.

"ఎవల్రా పోయింది? ఎవని మగ్గం?" అన్నాడు.

చెప్పాం. ఎంత చెప్పినా ఆయన బుర్రలో నాడె ఒక నేతగాడు, క్లబ్బులు ఇద్దరు సావుకార్లు, సీజన్ ఒక పడుగు. మేం సరిదిద్దబోయి, ఆలోచించి, ఊరుకున్నాం. ఎందుకంటే అతికినట్టు సరిపోయింది.

"పడుగు దిగిందా?" అని అడిగాడు పెద్దబాపు, అంటే మగ్గం మీది దారమంతా నేయడం అయిందా అని.

"ఇంక నాలుగు నెల్లున్నది పెద్దబాపూ. సగంల ఉన్నది" అన్నాను.

"పాత సావుకారు తిట్టిండా? కొట్టిండా?"

"ఏం లేదు. మంచిగ జూసుకున్నడు."

"అబద్ధం పెద్దమామా" అని బావ అడ్డం వచ్చాడు. "తోటోళ్లు గాయినెకు బంతి ఇస్తలేరట. ఎవనికి వాడే కొట్టుకుంటుండట."

పెద్దబాపు గడ్డం నిమురుకున్నాడు. "గది జర ఆలోశించే మాటనే" అని కాసేపు నిజంగానే ఆలోచించాడు. పదిహేను మందిమి చుట్టూ నిలబడ్డాం. చివరికి తీర్పు చెప్పాడు. "ఎత్తిన పడుగు దించేదాక ఇల్లు మారొద్దు. మన దగ్గర గంతే. దించినంక ఎటన్న పోవచ్చు, ఆపెటోడు ఎవడు లేడు. నడిమిట్ల పోతే ఎవడు గట్టిన ముడులు ఎవడు ఇప్పాలె? ఆ పోరనికి జెప్పుండ్రి."

ఆ పోరడు పక్క ఊళ్లో ఉన్నట్టు, సాయంత్రం సైకిల్ మీద పోయి చెప్పి వస్తామన్నట్టు చెప్పి ఆయన మగ్గంలోకి పోయాడు. నా ఆనందానికి అంతులేదు. తీర్పు గాలికి పోకూడదని తెల్ల కాగితం తెప్పించి, నా దస్తూరి మంచిదని అందరూ అంటారు కాబట్టి నేనే రాశాను. 'ఎత్తిన పడుగు దించకుండా నడుమ ఇల్లు మారినవాడు నేతగాడు కాడు. ఇది అందరికీ వర్తించును.' ఆ చివరి ముక్క పెద్దబాపు చెప్పలేదు, నేను కలిపాను, బరువుగా ఉంటుందని. మొదటి సంతకం నేనే పెట్టాను. బావ చేత కూడా పెట్టించాను. చాయక్క గోడకు మైదాపిండి ఉడికించి మరీ అతికించాను. అక్కడితో ఆగకుండా, నాడె పేజీలో అతని కొత్త ఫోటో కింద, లక్షల మంది ఏవేవో భాషల్లో రాసిన చోట, 'పడుగు దించి పో' అని తెలుగులో రాశాను. దాన్ని ముగ్గురు మెచ్చుకున్నారు. ముగ్గురూ మా ఊరివాళ్లే.

శనివారం సాయంత్రం వచ్చింది. హోటల్ నిండా జనం. నాడె కేసు ఇంకా తేలలేదు కాబట్టి ఇరువైపులా గొంతులు మంచి ఊపులో ఉన్నాయి. అప్పుడే జీపు ఆగింది. జీపు సావుకారు దిగి, చాయ్ చెప్పి, చుట్టూ చూసి, నన్ను చూసి, ముఖమంతా నవ్వు చేసుకుని వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"ఏం పిలగా, సోమారం తొమ్మిదింటికల్లా రావాలె మరి. కుర్చి గూడ వచ్చింది. రెండు దిక్కుల తిరుగుతది!"

బావ గ్లాసు కింద పెట్టాడు. లేచి, చొక్కా సరిచేసుకుని, గోడ దగ్గరికి నడిచి, బడిలో పద్యం చదివినట్టు ఒక్కో మాటా విడదీసి చదివాడు. "ఎత్తిన... పడుగు... దించకుండా..." 'ఇది అందరికీ వర్తించును' దగ్గర రెండుసార్లు చదివాడు. తర్వాత వేలు కిందికి జరిపి, మొదటి సంతకం ఎవరిదో కూడా చదివాడు.

"గది వేరు, గిది వేరు" అన్నాను.

"ఎట్ల వేరు బామ్మర్దీ?"

"మనిషికి చేతులు మంచిగున్నంత సేపే పని. నాలుగేండ్లయితే ఎవడు అడుగుతడు? ముందల జూసుకోవద్దా?" అన్నాను. అన్నాక తెలిసింది, కాళ్లు తీసి చేతులు పెట్టాను గానీ మాటలన్నీ బావవే.

ఇక్కడే నేను జీవితంలో నేర్చుకున్న రాజకీయమంతా జరిగింది. మూడు రోజులు 'మాటుండాలె' అని నాతో కలిసి గొంతు చించుకున్న ఎర్ర జట్టువాళ్లు, రెప్పపాటులో 'మనిషి ఇష్టం' అని లేచారు. మూడు రోజులు 'మనిషి ఇష్టం' అన్న నీలి జట్టువాళ్లు 'అన్నం పెట్టిన ఇంటిని ఇడిసి పోతడా!' అని బల్లలు చరిచారు. ఒక్కడికీ సిగ్గు లేదు, ఒక్కడికీ అనుమానం లేదు. నిన్న తను అన్నమాటే ఇవాళ ఎదుటివాడి నోట్లోంచి వస్తుంటే 'ఏం మాట్లాడుతున్నవ్‌రా' అని తిట్టారు. తర్వాత ఎన్నికల వేళల్లో మెడలో కండువా మారిన వాళ్ల ఉపన్యాసాలు ఎన్నో విన్నాను గానీ, మా వాళ్లంత వేగంగా మారినవాళ్లను చూడలేదు. ఒక్క చాయక్క మాత్రం గ్లాసులు కడుగుతూ అంది. "మొన్న మీరన్నయి గాళ్లంటున్నరు, గాళ్లన్నయి మీరంటున్నరు. గిలాసలు గూడ మార్సుకొని తాగుండ్రి ఇగ."

గోలకు పెద్దబాపు వచ్చాడు. ఈసారి ఆయన ఏమీ అడగలేదు, బాపును పిలిపించాడు. బాపు గుంజల దగ్గర నుంచి లేచి అలాగే వచ్చాడు. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"తమ్మీ, నీ కొడుకు నడిమిట్ల పడుగు ఇడిసి అవతలి ఇంటికి, కుర్చీల కూసునే పనికి పోతడట. నీకెర్కనా?"

బాపుకు తెలియదు. తెలియదని ముఖం చూస్తే అందరికీ తెలిసింది. నా వైపు ఒకసారి చూశాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను, ఎందుకంటే తిట్టించుకున్నవాడు కోపంగా వెళ్లిపోవచ్చు.

"పోనీ అన్నా" అన్నాడు బాపు. "కుర్చీల కూసునే పనట గద. నా లెక్క నడుం ఒంగదు. మిగిలినయి నేను కట్టుకుంట."

"నీకు కాయితం మీద గీతలు కనవడయి గదరా!"

"ముట్టుకుంటె దెలుస్తది లే" అన్నాడు బాపు.

పెన్సిలుతో గీసిన గీతను ముట్టుకుంటే తెలిసే మనిషి భూమ్మీద లేడు. అది అక్కడున్న నేతగాళ్లందరికీ తెలుసు. బాపు అబద్ధమాడగా వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. పదిహేను మంది ముందు, ఎర్ర జట్టు నాయకుడినై ఉండి, స్టవ్వు పొగ కళ్లల్లో పడిందని చెప్పి ఏడ్చాను. "పడుగు దించినంకనే పోత" అన్నాను. పెద్దబాపు తల ఊపి, "నేను జెప్పేదేమున్నది? వాడే రాసుకున్నడు" అని గోడ కాగితం చూపించి వెళ్లిపోయాడు.

జీపు సావుకారు మాత్రం చాయ్ పూర్తిగా తాగాకే లేచాడు. "నాకు సోమారం మనిషి గావాలె పిలగా. కుర్చి ఖాళీగ ఉండది" అని చుట్టూ చూశాడు. "ఇంకెవలకన్న కంప్యూటర్ వస్తదా?" బావ మెల్లగా చెయ్యెత్తాడు. రెండు రోజుల కిందటే అతని పడుగు దిగింది, మగ్గం ఖాళీగా ఉంది. నేను స్వయంగా రాసి, మైదాపిండి పెట్టి అతికించిన తీర్పు ప్రకారం బావకు ఏ అడ్డూ లేదు. కంప్యూటర్లో అతనికి వచ్చిందల్లా కార్ల పందెం ఆట. సోమవారం తొమ్మిదింటికి అతను నా కుర్చీలో కూర్చుని రెండు దిక్కులా తిరిగాడని చూసినవాళ్లు చెప్పారు.

నాడె కేసు రెండు వారాల్లో తేలింది. సంఘం పెద్దలు అతన్ని నీలి జట్టుకు వెళ్లొచ్చన్నారు. మా పెద్దబాపు తీర్పు వాళ్ల దాకా అందలేదనుకుంటాను. కొత్త జట్టు తరఫున మొదటి ఆట, దైవం చూడండి, ఎర్ర జట్టు మీదే పడింది. అది కూడా శనివారం సాయంత్రమే. నేను హోటల్‌కు పోలేదు. ఫోను గుంజకు ఆనించి, కాగితం చేత్తో పట్టుకుని, బాపుకు గీతలు చెబుతున్నాను. చివరి హంసకు మెడ కట్టాల్సిన చోటికి వచ్చేసరికి నాడె బంతి పట్టుకుని మా గోల్ వైపు ఉరికాడు. "మెడ ఎటురా?" అన్నాడు బాపు. నాడె కొట్టాడు. "అటు!" అన్నాను. నేనన్నది బంతిని చూసి. బాపు నా మాట నమ్మి అటే కట్టాడు. నాడె గోల్ కొట్టి, ఎగరకుండా, చేతులు కిందికి వేసుకుని నిలబడ్డాడు. పాత ఇంటి మీద గౌరవమట. ఆ గౌరవం చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది.

పడుగు దారాలను మడతలు వేసి కడతాం కాబట్టి ఒక చోట తప్పు పడితే అన్ని చీరల్లోనూ అదే చోట అదే తప్పు పడుతుంది. మగ్గం ఎక్కి, నేత నడిచి, బొమ్మ తేలాక చూస్తే, వరసలో ఉన్న హంసలన్నీ ఇటు చూస్తున్నాయి, చివరి హంస ఒక్కటి తల తిప్పి అటు చూస్తోంది. ఎనిమిది చీరల్లోనూ. బాపు చీరను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎటు జూస్తున్నదిరా గిది?"

నేను గళ్ల కాగితం తీసి అటూ ఇటూ తిప్పి చూశాను.

"జీపు సావుకారు ఇంటి దిక్కనుకుంట" అన్నాడు.

కళ్లద్దాల సావుకారు వచ్చిన రోజు నేను మగ్గం చాటుకు జరిగి నిలబడ్డాను. ఆయన చీర విప్పాడు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకుని చూశాడు. "గిదేందే?" అన్నాడు. బాపు నా వైపు చూడకుండా చెప్పాడు. "కొత్త నమూనా. మా పిలగాడు తీసిండు. అన్ని ఒక్క దిక్కే జూస్తే ఏముంటది చెప్పు." అది ఆయన రెండో అబద్ధం. రెండూ నా కోసమే. సావుకారు గొణుక్కుంటూ తీసుకుపోయి, నెల తిరక్కుండా మళ్లీ వచ్చి, 'గా తలకాయ తిప్పినయి' ఇంకో పడుగు కావాలన్నాడు. పట్నం వాళ్లకు నచ్చాయట. అప్పటి నుంచి ఆ హంసను తప్పుగా కట్టడం నా పనైంది. తప్పును ప్రతిసారీ ఒకే తీరుగా కట్టడం ఎంత కష్టమో నన్నడగండి.

ఆ మొదటి పడుగు దించిన రోజు బాపు ఆఖరి చీర కోసి, మడత పెట్టి, "ఇగ పో బిడ్డా. పడుగు దిగింది" అన్నాడు. నిజంగానే అన్నాడు. గుమ్మం దాకా దారి కూడా ఇచ్చాడు.

"యాడికి పోవాలె బాపూ? కుర్చీల బావ కూసున్నడు గద."

"అట్లనా. అయితే గుంజలు జర గట్టిగ పాతు, లూజయినయి" అన్నాడు.

ఇప్పుడు నాకు ముప్పై దాటింది. నాడె రిటైరై, పొట్ట పెంచి, టీవీల్లో ఇతరుల ఆట మీద తీర్పులు చెబుతున్నాడు. బావకు ఆ కుర్చీలో కూర్చుని కూర్చుని నడుం నొప్పి పట్టుకుంది, వైద్యుడు రోజూ కాసేపు నిలబడి పని చెయ్యమన్నాడట. శనివారాలు మేమిద్దరం ఒకే ఫోనులో ఆట చూస్తాం, ఇంకా తిట్టుకుంటాం. చాయక్క గోడకు రెండుసార్లు సున్నం వేసింది గానీ మైదాపిండి గట్టిదై, 'వర్తించును' అనే ముక్క ఇంకా అక్కడే ఉంది. బాపుకు కళ్లకు ఆపరేషన్ అయింది, ఇప్పుడు నాకన్నా బాగా కనిపిస్తుంది.

మొన్నొక రోజు పట్నం నుంచి ఒకామె వచ్చింది. పాత నమూనాల మీద పుస్తకం రాస్తోందట. తల తిప్పిన హంసను చూసి ముచ్చటపడి, ఇది ఎప్పటిదని అడిగింది. "మా తాతల నాటిదమ్మా" అన్నాడు బాపు, కనురెప్ప కదలకుండా. (మూడోది.) ఆమె శ్రద్ధగా రాసుకుంది. తర్వాత, మిగతావన్నీ ఇటు చూస్తుంటే ఇదొక్కటే అటెందుకు చూస్తోందని, దానికేమైనా అర్థముందా అని అడిగింది.

బాపు తల ఎత్తి నా వైపు చూశాడు. "నాకేం దెల్సమ్మా. గదో, గక్కడ కూసున్నది. దాన్నే అడుగుండ్రి" అన్నాడు.

ఆమె తిరిగి చూసింది. అక్కడ హంస లేదు. గుంజల మధ్య, మోచేతుల దాకా ఎర్ర రంగుతో, కాళ్లు మడుచుకుని కూర్చున్న నేనే ఉన్నాను. పెద్దాయన మాట తనకే సరిగా అర్థం కాలేదనుకుని ఆమె మర్యాదగా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, రబ్బరు ముక్క పళ్లతో పట్టుకుని, చివరి హంస మెడను హైవే దిక్కుకు తిప్పి కట్టాను.